గాలిలో గ్యాసులు కొలవాలంటే ఏ పద్ధతి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం ఒక పోలిక

కాలనీ అసోసియేషన్ల వాళ్లు దాదాపు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే: "ఆన్‌లైన్‌లో ఎయిర్ క్వాలిటీ మీటరు ఐదారు వేలకి వస్తోందండి, తెప్పించేయమంటారా?" గ్యాసుల కోసమైతే వద్దనే చెబుతాను. ఆ పెట్టెల్లో చాలావాటిలో ఉండేది ధూళి సెన్సరు. అది దుమ్మును లెక్కపెడుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బస్సులు వదిలే నైట్రోజన్ డయాక్సైడ్ గానీ, ఫ్యాక్టరీల పక్క ఊళ్లలో రాత్రి పూట వచ్చే ఘాటు గానీ దానికి ఆనవు. కొన్నిటి తెర మీద "టీవీఓసీ" (గాలిలోని సేంద్రియ ఆవిరుల మొత్తం) అని ఇంకో అంకె కూడా కదులుతూ ఉంటుంది. దాని సంగతి కింద చెబుతాను.

గ్యాసును కొలవడానికి వేలెడంత ప్లాస్టిక్ గొట్టం నుంచి కోటి రూపాయల స్టేషను దాకా చాలా దారులున్నాయి. ఖరీదైనది కొంటే పని అయిపోతుందనుకోవద్దు. వచ్చిన అంకెను ఎవరి ముందు పెడతారు, దాంతో ఏం అడుగుతారు అన్నది తేలితే పద్ధతి దానంతట అదే తేలుతుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఏ గ్యాసు? 2009 నవంబరులో వచ్చిన జాతీయ పరిసర వాయు ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి. వాటిలో గ్యాసు రూపంలో ఉండేవి ఇవి. అంకెలు ఘనపు మీటరు గాలికి మైక్రోగ్రాముల్లో, కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటి మాత్రం మిల్లీగ్రాముల్లో.

| గ్యాసు | తక్కువ వ్యవధి పరిమితి | ఏడాది సగటు పరిమితి |
|---|---|---|
| సల్ఫర్ డయాక్సైడ్ | 24 గంటలకు 80 | 50 |
| నైట్రోజన్ డయాక్సైడ్ | 24 గంటలకు 80 | 40 |
| ఓజోన్ | 8 గంటలకు 100, గంటకు 180 | లేదు |
| కార్బన్ మోనాక్సైడ్ | 8 గంటలకు 2, గంటకు 4 | లేదు |
| అమ్మోనియా | 24 గంటలకు 400 | 100 |
| బెంజీన్ | లేదు | 5 |

ఈ పట్టికలో మన జిల్లాలవాళ్లకి బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది. 1994 నాటి ప్రమాణాల్లో పారిశ్రామిక ప్రాంతాలకి సడలింపు ఉండేది. సల్ఫర్ డయాక్సైడ్ 24 గంటల పరిమితి ఇళ్ల దగ్గర 80 అయితే, ఇండస్ట్రియల్ ఏరియాలో 120. 2009లో ఆ తేడా తీసేశారు. బొబ్బిలి గ్రోత్ సెంటర్ పక్కనైనా, విజయనగరం కంటోన్మెంట్‌లోనైనా ఇప్పుడు ఒకటే అంకె. "ఇండస్ట్రియల్ ఏరియా కదా, ఆమాత్రం ఉంటుంది" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

టౌన్లో రోడ్డు పక్క ఇల్లయితే చూడాల్సింది నైట్రోజన్ డయాక్సైడ్, తరువాత కార్బన్ మోనాక్సైడ్. బొగ్గూ కోకూ వాడే గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రమ లోహాల) ఫ్యాక్టరీల వైపు సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ చూడాలి. పైడిభీమవరం లాంటి మందుల ఫ్యాక్టరీల చోట అసలు చిక్కు వేరు. అక్కడ వాడే సాల్వెంట్లు (రసాయనాలను కరిగించే ద్రవాలు), అంటే టోలుయిన్, అసిటోన్, మిథనాల్ లాంటివి, పై జాబితాలోనే లేవు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైన స్టైరీన్ కూడా ఆ 12లో లేదు. జాబితాలో లేనిదాన్ని జాబితా చూసి కొలిస్తే "అన్నీ పరిమితిలోనే ఉన్నాయి" అనే రిపోర్టే వస్తుంది.

రెండోది, మీకు కావాల్సింది "ఎక్కడ ఎక్కువ" అనా, "ఎప్పుడు ఎక్కువ" అనా? ఒకే పద్ధతి తక్కువ ఖర్చులో రెండూ చెప్పదు. చౌకగా పది చోట్ల కొలిచే పద్ధతికి గంటల లెక్క తెలియదు. గంట గంటకీ చెప్పే యంత్రాన్ని పది చోట్ల పెట్టడం మున్సిపాలిటీకే భారం.

మూడోది, వాతావరణం. మనది సముద్రం ఒడ్డు జిల్లా. గాలిలో తేమ ఎక్కువ, చౌక సెన్సర్లకి అదే గండం. పైగా పగలు సముద్రం నుంచి, రాత్రి నేల మీంచి గాలి వీస్తుంది. ఫ్యాక్టరీకి పడమట ఉన్న ఊరికి మధ్యాహ్నం వాసన తగిలితే, సముద్రం వైపున్న ఊరికి తెల్లవారుజామున తగలొచ్చు. చలికాలం పొద్దున్నే నేల దగ్గర చల్లగాలి మూత వేసినట్టు ఉండిపోవడంతో అదే పొగ ఎక్కువసేపు నిలుస్తుంది. ఏ నెలలో, ఏ గాలికి కొలిచారో చెప్పని అంకెతో వాదన నిలవదు.

ఒక చూపులో

| పద్ధతి | ఏం చెబుతుంది | వ్యవధి | ఖర్చు | అధికారుల ముందు |
|---|---|---|---|---|
| ఉన్న స్టేషన్లు, యాప్‌లు | ఆ స్టేషను చుట్టుపక్కల | రోజు లేదా గంట | లేదు | చెల్లుతుంది, కానీ మీ వీధిది కాదు |
| ఉపగ్రహం | జిల్లా మొత్తం తీరు | రోజుకోసారి | లేదు | నేపథ్యంగా మాత్రమే |
| డిఫ్యూజన్ ట్యూబులు | ఎక్కడ ఎక్కువ | 2 నుంచి 4 వారాలు | తక్కువ | సూచనగా |
| ల్యాబ్‌తో తడి రసాయన పద్ధతి | పరిమితి దాటిందా | 4 గంటలు, 24 గంటలు | మధ్యస్థం | బాగా చెల్లుతుంది |
| ఎలక్ట్రోకెమికల్ సెన్సరు | ఎప్పుడు ఎక్కువ | నిమిషాలు | మధ్యస్థం | అనుమానంగా చూస్తారు |
| రిఫరెన్స్ ఎనలైజర్లు | రెండూ, కచ్చితంగా | నిమిషాలు | కోటి పైమాట | పూర్తిగా చెల్లుతుంది |
| బ్యాగు, క్యానిస్టర్ | వాసనలో ఏ రసాయనం | క్షణాల నుంచి 24 గంటలు | ఎక్కువ | ల్యాబ్‌ని బట్టి |

ఉచితంగా దొరికేవి

శ్రీకాకుళం, విజయనగరం రెండూ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో "ప్రమాణాలు అందుకోని నగరాల" జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాకి ఎక్కడానికి ముఖ్య కారణం పీఎం 10, అంటే దుమ్ము. కాబట్టి పేపర్లో "మన ఊరి గాలి" అని వచ్చే వార్తల్లో గ్యాసుల ఊసు తక్కువ. యాప్‌లో కనబడే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) కూడా అంతే. ఎనిమిది కాలుష్యకాల్లో ఏది అధ్వానంగా ఉంటే దాని అంకెనే చూపిస్తుంది, మన టౌన్లలో అది ఎక్కువగా దుమ్మే అవుతుంది. లోపలికి వెళ్లి నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ విడిగా చూడాలి. ఫోన్లోని వాతావరణ యాప్ మీ ఊరి పేరు పెట్టి చూపించే అంకె చాలాసార్లు కంప్యూటర్ మోడల్ వేసిన లెక్క. అక్కడ పరికరం ఉందని అర్థం కాదు.

ఉపగ్రహాల్లో 2017 అక్టోబరులో ప్రయోగించిన సెంటినెల్-5పీ డేటా ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. దాని ఒక్కో గడి సుమారు 5.5 కి.మీ. పొడవు, 3.5 కి.మీ. వెడల్పు. శ్రీకాకుళం టౌనంతా కొద్ది గళ్లలో ఇమిడిపోతుంది. అది చూపేది నేల నుంచి పైదాకా ఉన్న మొత్తం గాలిలోని గ్యాసును, అదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. మీ వాసన రాత్రిదైతే దీన్ని వదిలేయండి.

డిఫ్యూజన్ ట్యూబులు: టౌన్ వాళ్లకి నా మొదటి ఓటు

సుమారు 7 సెంటీమీటర్ల గొట్టం, ఒక చివర ట్రైఇథనాలమైన్ అనే రసాయనం పూసిన జాలీ, రెండో చివర తెరిచి ఉంటుంది. పంపు లేదు, కరెంటు లేదు. గాలిలోని నైట్రోజన్ డయాక్సైడ్ దానంతట అదే లోపలికి వెళ్లి జాలీకి అంటుకుంటుంది. రెండు నుంచి నాలుగు వారాలు వేలాడదీసి, మూత పెట్టి ల్యాబ్‌కి పంపితే ఆ కాలం మొత్తానికి సగటు వస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్, ఓజోన్, బెంజీన్‌లకి వేరే పూతలతో ఇలాంటివే ఉన్నాయి. నైట్రోజన్ డయాక్సైడ్‌కి ఉన్నంత అనుభవం మాత్రం మిగతావాటికి లేదు.

కచ్చితత్వం 25 శాతం అటూ ఇటూ. చదవగానే ఎక్కువ తేడా అనిపిస్తుంది. కానీ విజయనగరంలో గంటస్తంభం, ఆర్టీసీ కాంప్లెక్స్, మూడు లాంతర్ల దగ్గర ఒక్కొక్కటి, కాలనీ లోపలి వీధిలో ఒకటి, ఊరి బయట పొలాల్లో ఒకటి పెడితే, రోడ్డుకీ లోపలి వీధికీ మధ్య తేడా సాధారణంగా ఆ 25 శాతాన్ని మించే ఉంటుంది. స్కూలు గేటు రోడ్డు వైపు ఉండాలా, పక్క సందులోకి మార్చాలా అన్న ప్రశ్నకి ఈ సమాధానం చాలు.

పెట్టేటప్పుడు కక్కుర్తి పడకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఒక్కో చోట రెండు మూడు గొట్టాలు పెట్టాలి, ఒకటే పెడితే తప్పు వచ్చినా తెలియదు. మూత తీయని గొట్టం ఒకటి ఫ్రిజ్‌లో ఉంచి మిగతావాటితోపాటే పంపాలి. దాంట్లోనూ గ్యాసు కనబడితే ల్యాబ్‌లోనో రవాణాలోనో తేడా జరిగినట్టు. దీపస్తంభానికి రెండున్నర, మూడు మీటర్ల ఎత్తున, తెరిచిన చివర కిందికి ఉండేలా ట్యాగ్‌తో బిగించండి. గోడ మూలలో, చెట్టు కొమ్మల మధ్య, జనరేటర్ పక్కన వద్దు. వారానికోసారి వెళ్లి సాలెగూడు పట్టిందేమో చూడాలి. నెల ఎంచుకునేటప్పుడు సిరిమానోత్సవం వారాలని తప్పించండి. ట్రాఫిక్ మళ్లించిన రోజులు సగటులో కలిస్తే ఆ అంకె మామూలు రోజులది కాకుండా పోతుంది.

దీని బలహీనత ఒక్కటే, అదీ పెద్దదే. నాలుగు వారాల్లో ఒక్క రాత్రి గ్యాసు గుప్పుమన్నా సగటులో కలిసిపోతుంది. ఫ్యాక్టరీ పక్క ఊరికి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను.

ల్యాబ్ వాళ్లని పిలిపించడం

కాలుష్య నియంత్రణ మండలి మాన్యువల్ స్టేషన్లలోనూ వాడే పాత తడి రసాయన పద్ధతే ఇది. పంపు గాలిని నిమిషానికి లీటరు చొప్పున గాజు ఇంపింజర్ (గాలి బుడగలుగా పోయే సీసా)లోని ద్రావణం గుండా లాగుతుంది. సల్ఫర్ డయాక్సైడ్‌కి వెస్ట్-గేక్, నైట్రోజన్ డయాక్సైడ్‌కి జాకబ్-హొక్‌హైజర్ పద్ధతి. ఐస్ పెట్టెలో ఇంపింజర్లు బుడబుడమంటూ ఉంటాయి. నాలుగు గంటలకోసారి ద్రావణం మార్చాలి, రోజుకి ఆరు సార్లు. తరువాత ల్యాబ్‌లో రంగు తెప్పించి, ఆ రంగు ముదురుదనాన్ని బట్టి గ్యాసు ఎంతో లెక్కిస్తారు.

గుర్తింపు పొందిన ల్యాబ్ ఇచ్చిన రిపోర్టుకి విలువ ఉంటుంది. మోసపోయేదీ ఇక్కడే. "24 గంటల సగటు" అని రాసిన రిపోర్టు వెనక పగటి 8 గంటల నమూనానే ఉండొచ్చు. అందుకే ల్యాబ్‌ని ముందే ఇవి అడగండి: ఆరు నమూనాల అంకెలు విడివిడిగా ఇస్తారా? పంపు ప్రవాహం మొదట్లో ఎంత, చివర్లో ఎంత? మధ్యలో కరెంటు పోతే ఎంతసేపు ఆగింది? ఫీల్డ్ బ్లాంక్ (గాలి పట్టకుండా పోలిక కోసం ఉంచిన నమూనా) ఉందా? గాలి దిశ రాశారా? సరిగ్గా పనిచేసే ల్యాబ్ వీటికి విసుక్కోదు. రాత్రి రెండింటికి ఇంపింజర్ మార్చడానికి మనిషి వస్తాడా అని మాత్రం మీరే స్వయంగా చూసుకోండి. ఆ వేళకి టీ పట్టుకెళ్లి పలకరిస్తే రెండు పనులూ అవుతాయి. మే నెల ఎండలో ఐస్ కరిగిపోయి ద్రావణం ఆవిరైతే ఫలితం చెడుతుంది. కొలత చలికాలానికి పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఈ పద్ధతిని ఇంట్లోనో స్కూల్లోనో చేసి చూద్దామని అనుకోకండి. ఒక ద్రావణంలో పాదరసం, రెండో దాంట్లో ఆర్సెనిక్ ఉంటాయి.

సెన్సరు పెట్టెలు

ఇందులో రెండు జాతులున్నాయి. కొన్ని వందల రూపాయలకి వచ్చే ఎంక్యూ-135 లాంటి మెటల్ ఆక్సైడ్ సెన్సరు అమ్మోనియాకీ, ఆల్కహాల్‌కీ, పొగకీ, బెంజీన్‌కీ ఒకేలా స్పందిస్తుంది. ఏది వచ్చిందో చెప్పలేదు. వంటింట్లో పోపు వేసినా అంకె లేస్తుంది. చౌక మీటర్లలో "టీవీఓసీ" చూపించేవి చాలావరకు ఈ జాతివే, దాని పక్కనే కనబడే కార్బన్ డయాక్సైడ్ అంకె కూడా చాలాసార్లు దీన్నుంచి ఊహించి లెక్కకట్టిందే. కాలేజీ ఎగ్జిబిషన్‌కి బాగుంటుంది. కలెక్టరేట్‌కి పట్టుకెళ్తే మీ మిగతా ఆధారాల మీద కూడా నమ్మకం పోతుంది.

రెండోది ఎలక్ట్రోకెమికల్ సెల్, గ్యాసు తగిలితే లోపల పుట్టే కొద్దిపాటి కరెంటును బట్టి కొలుస్తుంది. ఒక్కో గ్యాసుకి ఒక్కో సెల్, ధర వేలల్లో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి ఇది నిజంగా మంచి ఎంపిక. నైట్రోజన్ డయాక్సైడ్ సెల్ మాత్రం ఓజోన్‌కి కూడా స్పందిస్తుంది కాబట్టి ఫిల్టరు గానీ, ఓజోన్ లెక్క తీసేసే ఏర్పాటు గానీ ఉందా అని అడగాలి. ఎండకీ తేమకీ అంకె జరిగిపోతుంది. సెల్ ఆయుష్షు రెండేళ్ల చిల్లర. కొన్ని వారాలపాటు రిఫరెన్స్ స్టేషను పక్కన పెట్టి సరిచూడకపోతే, అంకె ఎంత అన్నది వదిలేసి, ఎప్పుడు పెరిగింది ఎప్పుడు తగ్గింది అన్నది మాత్రమే తీసుకోండి.

ఇంకో తికమక యూనిట్లది. తెర మీద నైట్రోజన్ డయాక్సైడ్ 50 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 50) అని ఉంటే "80 లోపే కదా" అని ఊరుకోవద్దు. 25 డిగ్రీల వేడిలో 1 పీపీబీ నైట్రోజన్ డయాక్సైడ్ 1.88 మైక్రోగ్రాములు, అంటే అది 94. సల్ఫర్ డయాక్సైడ్‌కి 2.62, ఓజోన్‌కి 1.96తో గుణించాలి.

రిఫరెన్స్ ఎనలైజర్లు

మిగతావాటిని సరిచూడటానికి ప్రమాణంగా తీసుకునే యంత్రాలివి. ఇవి వాడే పద్ధతులు: నైట్రోజన్ ఆక్సైడ్లకి కెమిల్యూమినిసెన్స్, సల్ఫర్ డయాక్సైడ్‌కి అల్ట్రావయొలెట్ ఫ్లోరసెన్స్, కార్బన్ మోనాక్సైడ్‌కి ఇన్‌ఫ్రారెడ్. ఏసీ గది, కాలిబ్రేషన్ సిలిండర్లు, మెయింటెనెన్స్ కాంట్రాక్టు, చదువుకున్న మనిషి అన్నీ ఉండాలి. ఇది కొనే వస్తువు కాదు, అడగాల్సిన వస్తువు. ఫ్యాక్టరీ చిమ్నీకి ఆన్‌లైన్ మీటరు ఉంది కదా అని కొందరంటారు. అది గొట్టంలోంచి వెళ్లేదాన్ని కొలుస్తుంది. రియాక్టరు మూత దగ్గరో, మురుగు ట్యాంకు మీదో లేచే ఆవిరి దానికి తెలియదు.

వాసన వచ్చే ఊళ్లకి

ఇక్కడ మొదటి పరికరం నోటుబుక్కే. ఊరికి నాలుగు వైపులా పది ఇళ్లవాళ్లు, ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి: తేదీ, గంట, ఎంతసేపు, గాలి ఎటు నుంచి, వాసన దేనిలా ఉంది, కళ్లు మండాయా. మేడ మీద కర్రకి గుడ్డపీలిక కడితే గాలి దిశ తెలుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసనంటే హైడ్రోజన్ సల్ఫైడ్ కావొచ్చు, గోళ్ల రంగు వాసనంటే అసిటోన్ జాతి సాల్వెంట్. వాసన తగ్గిందంటే గ్యాసు తగ్గిందని నమ్మకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది. ఉన్నట్టుండి ఘాటు ఎక్కువై తల తిరిగితే కొలతలు మానేసి గాలికి అడ్డంగా పక్కకి వెళ్లిపోవాలి.

నెల రోజులు రాశాక ఏ గంటల్లో, ఏ గాలికి వస్తోందో తేలుతుంది. నమూనా పట్టాల్సింది అప్పుడు. ఖాళీ చేసిన స్టీలు క్యానిస్టర్ గానీ, ప్రత్యేకమైన ప్లాస్టిక్ బ్యాగు గానీ గాలిని పట్టి ల్యాబ్‌కి చేరుస్తాయి, అక్కడ ఏ రసాయనం ఎంత ఉందో విడదీస్తారు. తమిళనాడు కడలూరు సిప్‌కాట్ పారిశ్రామిక వాడ పక్క ఊళ్లవాళ్లు 2004 ప్రాంతంలో బకెట్‌లో బ్యాగు పెట్టి ఇలాగే పట్టారు. బ్యాగు ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కి చేరాలి. కాబట్టి పరీక్ష చేసే ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోకుండా గాలి పట్టకండి.

చేతిలో పట్టుకునే పీఐడీ మీటరు (అతినీలలోహిత దీపంతో ఆవిరులను పసిగట్టేది) అద్దెకి తెస్తామని ఎవరైనా అంటే లోపల దీపం ఎంత శక్తిదో అడగండి. మామూలుగా ఉండేది 10.6 ఎలక్ట్రాన్ వోల్టులది. టోలుయిన్, అసిటోన్ దానికి దొరుకుతాయి. మందుల తయారీలో బాగా వాడే మిథనాల్, డైక్లోరోమీథేన్ దొరకవు. "సున్నా చూపించింది" అంటే గాలి శుభ్రమని కాదు.

ఎవరికి ఏది

టౌన్ కాలనీ వాళ్లు ట్యూబులతో మొదలుపెట్టండి, చలికాలంలో ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి. కాలేజీలైతే ట్యూబులతోపాటు సొంత ల్యాబ్‌లో తడి పద్ధతినీ నడిపి రెండిటినీ పోల్చొచ్చు, పాదరసం వ్యర్థాలు సింకులో పోయకుండా. ఇంట్లో ఆస్తమా మనిషి ఉండి బయటికి ఎప్పుడు వెళ్లాలో తెలియాలంటే, మొదట్లో వద్దన్న ధూళి మీటరే ఎక్కువ పనికొస్తుంది. పలాసలో జీడి పిక్కలు కాల్చే బట్టీల పక్క ఇళ్లకీ అంతే, అక్కడ పొగలోని ధూళిని కూడా కొలవాలి.

రైస్ మిల్లు, చిన్న ఫ్యాక్టరీ యజమానులు గుర్తింపు ల్యాబ్‌నే పిలవాలి. ఒకే రోజున గాలి వచ్చే వైపు ఒక చోట, వెళ్లే వైపు ఒక చోట కొలిపించుకుంటే రోడ్డు వాటా ఎంతో, మీ వాటా ఎంతో వేరవుతుంది.

ఫ్యాక్టరీ పక్క ఊరికైతే వరుస ఇది: నోటుబుక్, దాన్ని జతచేసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ, కాపీ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. చందాలు వేసుకుని ల్యాబ్‌ని పిలిస్తే ఒక రోజుకి కాకుండా వరుసగా రెండు రోజులకి పిలవండి. వరుసగా రెండు కొలత రోజుల్లో పరిమితి దాటితే, అక్కడ క్రమం తప్పకుండా గానీ నిరంతరంగా గానీ కొలవడానికీ, ఇంకా లోతుగా విచారించడానికీ అది తగిన కారణమని 2009 ప్రమాణాల కిందే రాసి ఉంది. అర్జీలో ఆ వాక్యాన్ని ఎత్తి రాసి, స్టేషను పెట్టమని అడగండి.